జావా టెస్ట్ క్లాస్‌పాత్: వరుసే నిర్ణయించే ఫలితం

జావా భాషలో రాసిన ప్రోగ్రామును ఒకే ఫైలుగా ఊహించుకోవడం పొరపాటు. ప్రోగ్రామరు రాసిన మూలకోడును కంపైలర్ అనే అనువాదక సాధనం బైట్‌కోడ్ అనే మధ్యంతర రూపంలోకి మార్చి, ఒక్కొక్క క్లాసుకు ఒక్కొక్క ఫైలు చొప్పున భద్రపరుస్తుంది. ఆ ఫైళ్లను నడిపించే జావా వర్చువల్ మెషీన్ వాటన్నింటినీ ముందుగా ఒకచోట అతికించి పెట్టుకోదు. ప్రోగ్రాము నడుస్తూ ఉండగా ఏ క్లాసు అవసరం మొదటిసారి కలుగుతుందో అప్పుడే దానిని వెతికి తెచ్చుకుంటుంది. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ జావాను లోకానికి పరిచయం చేసిన నాటినుంచి ఈ పద్ధతి భాష స్వభావంలోనే ఉంది. వెతకవలసిన చోట్లను వరుసగా చెప్పే జాబితా పేరు క్లాస్‌పాత్. అందులోని ప్రతి పద్దు ఒక ఫోల్డరు కావచ్చు, లేదా అనేక క్లాసులను జిప్ పద్ధతిలో మూటకట్టిన జార్ ఫైలు కావచ్చు. ప్రోగ్రామును పరీక్షించే సమయంలో వాడే జాబితా టెస్ట్ క్లాస్‌పాత్. ప్రోగ్రామును వినియోగదారుకు అందించినప్పుడు వాడే జాబితాకూ దీనికీ తేడా ఉంటుంది, ఉండి తీరాలి కూడా. అయితే ఆ తేడా ఎంత, ఎక్కడ అన్న సంగతి తెలియకుండా పరీక్షల ఫలితాలను నమ్మడం ప్రమాదకరం.

క్లాసులను గుర్తించే తీరు తెలుగువారికి సులభంగానే బోధపడుతుంది. తెలుగువారు ఇంటిపేరు ముందు చెప్పి, సొంత పేరు తర్వాత చెప్పినట్లే, జావాలోనూ ప్యాకేజీ పేరు ముందు వచ్చి క్లాసు పేరు తర్వాత వస్తుంది. ఆ రెండూ కలిస్తేనే పూర్తి పేరు. ఒక ఊరిలో ఒకే ఇంటిపేరు, ఒకే సొంత పేరు ఉన్న ఇద్దరు ఉంటే ఉత్తరం ఎవరికి చేరుతుందన్న సందేహం కలుగుతుంది. క్లాస్‌పాత్ విషయంలో ఆ సందేహానికి తావు లేదు, ఎందుకంటే నియమం చాలా కఠినమైనది: జాబితాను మొదటినుంచి చూసుకుంటూ పోయి, ఆ పూర్తి పేరుతో ఏ క్లాసు ముందు కనిపిస్తే దానినే తీసుకోవాలి, అక్కడితో వెతకడం ఆపివేయాలి. తర్వాతి పద్దులలో అదే పేరుతో ఇంకొకటి, రెండేళ్లు కొత్తదైనా, దోషాలు సవరించినదైనా, ఉన్నట్లే యంత్రానికి తెలియదు. హెచ్చరిక కూడా రాదు. కనుక క్లాస్‌పాత్‌ను సంచిలో కలిపి పోసిన వస్తువులుగా గాక, ముందువెనుకలు ఉన్న వరుసగా చూడాలి. టెస్ట్ క్లాస్‌పాత్ గురించిన చిక్కులలో చాలాభాగం ఈ ఒక్క నియమం నుంచే పుడతాయి.

తొలి రోజులలో ఈ జాబితాను మనుషులే చేత్తో రాసేవారు. క్లాస్‌పాత్ అన్న పేరుతోనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి, విండోస్‌లో అయితే సెమీకోలన్, యునిక్స్ కుటుంబంలో అయితే కోలన్ మధ్యలో ఉంచి, జార్ ఫైళ్ల దారులను ఒకదాని వెనుక ఒకటి పేర్చేవారు. హైదరాబాద్ అమీర్‌పేటలో ఒకప్పుడు జావా శిక్షణ తీసుకున్నవారిలో ఈ వేరియబుల్‌తో కుస్తీ పట్టినవారు ఎందరో ఉంటారు. ఆ పద్ధతిలోని లోపం స్పష్టమే: ఆ వేరియబుల్ మొత్తం కంప్యూటరుకు వర్తిస్తుంది గనుక ఒక ప్రాజెక్టు కోసం చేర్చిన జార్ ఇంకొక ప్రాజెక్టు కాళ్లకు అడ్డం పడుతుంది. జావాను నడిపే ఆదేశంతో పాటే జాబితాను ఇచ్చే వీలు ఉంది, అలా ఇచ్చినప్పుడు వేరియబుల్ విలువ పక్కకు పోతుంది. కానీ పదుల కొద్దీ జార్‌లను ప్రతిసారి తప్పు లేకుండా టైపు చేయడం ఎవరివల్లా కాదు. బిల్డ్ టూల్స్, అంటే మూలకోడును కంపైల్ చేసి, పరీక్షించి, పంపిణీకి సిద్ధంగా మూటకట్టే పనిని యాంత్రికంగా చేసే సాధనాలు, పుట్టడానికి ఉన్న ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

పరీక్షలకు ప్రత్యేకమైన జాబితా ఎందుకన్న ప్రశ్నకు జవాబు పరీక్షల స్వరూపంలోనే ఉంది. 1997లో జూరిచ్ నుంచి అట్లాంటా వెళ్తున్న విమానంలో కెంట్ బెక్, ఎరిక్ గామా కలిసి జేయూనిట్ అనే పరీక్షా లైబ్రరీకి తొలి రూపం ఇచ్చారు. ఆ తర్వాత జావా ప్రపంచంలో పరీక్ష అంటే కోడును పరీక్షించే మరొక కోడు అన్న అవగాహన స్థిరపడింది. ఆ పరీక్షా కోడుకు జేయూనిట్ కావాలి. నిజమైన వస్తువుల స్థానంలో నకిలీలను నిలబెట్టే మోకిటో వంటి లైబ్రరీ కావాలి. అసలు డేటాబేస్ బదులు కంప్యూటరు మెమరీలోనే నడిచే హెచ్‌2 వంటి చిన్న డేటాబేస్ కావాలి. ఇవేవీ వినియోగదారుకు చేరే ప్రోగ్రాములో ఉండకూడదు. ఇంటికి స్లాబు వేసేటప్పుడు సెంట్రింగ్ కర్రలు, పలకలు తప్పనిసరి అయినా, గృహప్రవేశం నాటికి అవి ఇంట్లో ఉండవు. టెస్ట్ క్లాస్‌పాత్ ఆ సెంట్రింగ్ సామాను ఉంచే చోటు. అసలు ప్రోగ్రాము పరీక్షా కోడును చూడకూడదు, పరీక్షా కోడు మాత్రం అసలు ప్రోగ్రామును చూడగలగాలి. ఈ ఒకవైపు చూపును కాపాడడమే బిల్డ్ టూల్ బాధ్యత.

2000లో వెలువడిన యాంట్ అనే సాధనంలో ఈ బాధ్యత పూర్తిగా ప్రోగ్రామరుదే. ఏ ఫోల్డరులో మూలకోడు ఉందో, ఏ జార్‌లు కావాలో, వాటిని ఏ వరుసలో పేర్చాలో యాంట్‌కు ప్రతి ప్రాజెక్టులోనూ విడిగా రాసి చెప్పవలసిందే. 2004లో తొలి స్థిర వెర్షన్‌గా వచ్చిన మేవెన్ ఈ ధోరణిని మార్చివేసింది. అందరికీ ఒకే అమరిక అన్నది దాని సిద్ధాంతం: ఎస్‌ఆర్‌సీ అనే ఫోల్డరులో మెయిన్ భాగం ప్రోగ్రాముకు, టెస్ట్ భాగం పరీక్షలకు, ఒక్కొక్క దానిలో జావా కోడుకు ఒకటి, రిసోర్సెస్ పేరుతో ఇతర ఫైళ్లకు ఒకటి చొప్పున ఉపభాగాలు. కంపైల్ చేసిన ఫలితాలు టార్గెట్ అనే ఫోల్డరులో క్లాసెస్, టెస్ట్-క్లాసెస్ అనే రెండు వేర్వేరు చోట్ల చేరతాయి. ఈ అమరికను పాటించిన ప్రాజెక్టులో టెస్ట్ క్లాస్‌పాత్ కోసం ఒక్క పంక్తి కూడా రాయనవసరం లేకుండా మేవెనే దానిని కూర్చుతుంది.

ఆ కూర్పులోని వరుసను గుర్తుంచుకోవాలి. మేవెన్‌లో పరీక్షలను నడిపే భాగం పేరు షూర్‌ఫైర్. అది ముందుగా టెస్ట్-క్లాసెస్ ఫోల్డరును, ఆ వెనుక క్లాసెస్ ఫోల్డరును, తర్వాత ప్రాజెక్టు ఆధారపడే జార్‌లను, చిట్టచివర ప్రోగ్రామరు ప్రత్యేకంగా చేర్చమన్న పద్దులను పెడుతుంది. పరీక్షా ఫోల్డరు అన్నింటికన్నా ముందు ఉండడం యాదృచ్ఛికం కాదు. పరీక్ష కోసం ఒక ఫైలును మార్చి చూపాలనుకుంటే, అదే పేరుతో ఇంకొకటి పరీక్షా రిసోర్సులలో ఉంచితే చాలు, మొదట కనిపించినదే చెల్లుతుందన్న నియమం వల్ల మార్చినదే అమలవుతుంది. లాగ్‌బ్యాక్ అనే లైబ్రరీ, అంటే ప్రోగ్రాము నడక వివరాలను నమోదు చేసేది, ఈ సదుపాయాన్ని మరింత మర్యాదగా వాడుకుంటుంది: పేరు చివర టెస్ట్ అన్న మాట ఉన్న అమరిక ఫైలు క్లాస్‌పాత్‌లో ఉందేమో ముందు చూసి, లేకపోతేనే మామూలు ఫైలు కోసం వెతుకుతుంది. రెండు ఫైళ్లకూ పేర్లు వేరు గనుక ఏది ఎందుకు వచ్చిందో చదివేవారికి వెంటనే తెలుస్తుంది.

మరి పేరు ఒకటే అయినప్పుడు? స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్ వాడే ప్రాజెక్టులలో అప్లికేషన్ ప్రాపర్టీస్ అనే అమరిక ఫైలు మెయిన్ రిసోర్సులలో ఉంటుంది. పరీక్షల కోసం అందులోని ఒక్క విలువ, ఉదాహరణకు డేటాబేస్ చిరునామా, మార్చాలనుకున్న ప్రోగ్రామరు అదే పేరుతో ఒకే పంక్తి ఉన్న ఫైలును పరీక్షా రిసోర్సులలో పెడతాడు. మెయిన్ ఫైలులోని మిగిలిన విలువలు యథాతథంగా ఉండి, ఈ ఒక్కటే మారుతుందని అతని ఊహ. జరిగేది వేరు: పరీక్షా ఫైలు ముందు కనిపించడం వల్ల మెయిన్ ఫైలు మొత్తం మరుగున పడుతుంది, అందులోని ఇతర విలువలన్నీ పరీక్షల కంటికి లేనట్లే అవుతాయి. రెండు ఫైళ్లు కలవవు, ఒకటి ఇంకొకదానిని కప్పేస్తుంది. కలవాలంటే పరీక్షా ఫైలుకు ప్రొఫైల్ (ఒక సందర్భానికి చెందిన అమరికల సముదాయం) పేరు చేర్చి వేరే పేరు పెట్టాలి. క్లాస్‌పాత్ స్వభావం తెలిసినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు, తెలియనివారికి మాత్రం గంటల కొద్దీ కాలం వృథా అవుతుంది. ఇక్కడ ఒక మినహాయింపు కూడా ఉంది: సర్వీస్ లోడర్ అనే జావా యంత్రాంగం ఒకే పేరున్న నమోదు ఫైళ్లను క్లాస్‌పాత్ అంతటా వెతికి అన్నింటినీ చదువుతుంది. మొదటిదే చాలునా, అన్నీ కావాలా అన్నది అడిగేవారు నిర్ణయించుకునే విషయం.

ఫోల్డర్ల తర్వాత వచ్చే జార్‌ల సంగతి ఇంకా లోతైనది. మేవెన్ ప్రాజెక్టులో పామ్ అనే ఫైలు ఉంటుంది, అందులో ప్రాజెక్టుకు కావలసిన లైబ్రరీల పేర్లు, వెర్షన్‌లు రాస్తారు. వీటిని డిపెండెన్సీలు అంటారు. ప్రతి డిపెండెన్సీకి స్కోప్, అంటే అది ఎంతవరకు కనిపించాలో చెప్పే పరిధి, ఉంటుంది. కంపైల్ అన్న స్కోప్ ఉన్నది అన్నిచోట్లా కనిపిస్తుంది. ప్రొవైడెడ్ అన్నది కంపైల్ చేసేటప్పుడు, పరీక్షించేటప్పుడు కనిపించినా మూటలోకి చేరదు. టామ్‌క్యాట్ వంటి సర్వరు తానే సమకూర్చే సర్వ్‌లెట్ లైబ్రరీకి ఇది తగినది. రన్‌టైమ్ అన్నది కంపైలర్‌కు కనిపించకపోయినా నడిచేటప్పుడు ఉండాలి. డేటాబేస్ డ్రైవర్లు ఈ కోవకు చెందుతాయి. టెస్ట్ అన్నది పరీక్షలకు మాత్రమే పరిమితం, పైగా ఆ ప్రాజెక్టును వాడుకునే ఇతర ప్రాజెక్టులకు అది సంక్రమించదు. ఈ నాలుగు పరిధులకు చెందినవన్నీ టెస్ట్ క్లాస్‌పాత్‌లో ఉంటాయి. అంటే మేవెన్ ప్రాజెక్టులో అన్నింటికన్నా విశాలమైన జాబితా అదే. పరీక్షలో దొరికిన క్లాసు వినియోగదారు దగ్గర కూడా దొరుకుతుందన్న హామీ అందుకే లేదు.

ఈ చివరి వాక్యం ఎంత నిజమో మేవెన్‌లోని ఒక సూక్ష్మం చూపుతుంది. ఒక ప్రాజెక్టు అ అనే లైబ్రరీని వాడుతోందనీ, ఆ లైబ్రరీ తన పనికోసం ఇ అనే మరొక లైబ్రరీ మీద ఆధారపడిందనీ అనుకోవాలి. ఇ అన్నది పరోక్షంగా, అడగకుండానే, ప్రాజెక్టులోకి వస్తుంది. పరీక్షా కోడులో ఇ లైబ్రరీని నేరుగా వాడే అవసరం కలిగి, ప్రోగ్రామరు దానిని టెస్ట్ స్కోప్‌తో పామ్‌లో రాశాడు. పైకి చూస్తే ఇది నిర్దోషమైన, క్రమశిక్షణ గల పని. కానీ మేవెన్ దృష్టిలో పామ్‌లో నేరుగా రాసిన మాటకు పరోక్షంగా వచ్చినదాని కన్నా విలువ ఎక్కువ, స్కోప్ విషయంలోనూ అంతే. కనుక ఇ లైబ్రరీ ఇప్పుడు పరీక్షలకు మాత్రమే పరిమితమై, పంపిణీ చేసే మూటలోంచి మాయమవుతుంది. పరీక్షలన్నీ నెగ్గుతాయి, ఎందుకంటే టెస్ట్ క్లాస్‌పాత్‌లో అది నిక్షేపంగా ఉంది. సర్వరులో నడిచే రోజున, అ లైబ్రరీకి ఇ అవసరమైన క్షణంలో, క్లాసు నిర్వచనం కనబడలేదన్న దోషంతో ప్రోగ్రాము కూలిపోతుంది. పరీక్షల సంఖ్యను రెట్టింపు చేసినా ఈ లోపం బయటపడదు. లోపం పరీక్షలలో లేదు, అవి నిలబడిన నేలలో ఉంది. టెస్ట్ స్కోప్‌తో ఏ లైబ్రరీని చేర్చే ముందైనా అది ఇప్పటికే పరోక్షంగా వస్తోందేమో చూసుకోవడం తప్పనిసరి అలవాటు కావాలి.

ఒకే లైబ్రరీ రెండు వేర్వేరు వెర్షన్‌లతో రెండు దారులలో వచ్చినప్పుడు ఏది నిలవాలన్న ప్రశ్నకు బిల్డ్ టూల్స్ వేర్వేరు జవాబులు ఇస్తాయి. మేవెన్ దగ్గరి బంధుత్వానికి పట్టం కడుతుంది: ప్రాజెక్టు నుంచి తక్కువ మెట్లలో చేరుకోగల వెర్షన్ నిలుస్తుంది, మెట్లు సమానమైతే పామ్‌లో ముందు రాసినదాని వైపు మొగ్గుతుంది. గ్రేడిల్ అనే మరొక ప్రసిద్ధ సాధనం సాధారణంగా కొత్త వెర్షన్‌ను ఎంచుకుంటుంది. రెండు పద్ధతులకూ వాటి వాటి ఇబ్బందులు ఉన్నాయి, అయినా కొత్తదానిని ఎంచుకోవడమే తక్కువ ప్రమాదకరం అనిపిస్తుంది, ఎందుకంటే లైబ్రరీలు పాత సదుపాయాలను తొలగించడం కన్నా కొత్తవి చేర్చడమే ఎక్కువ. ఏదేమైనా ఈ రెండు సాధనాలూ పరిష్కరించగలిగేది లైబ్రరీ పేరు ఒకటే అయినప్పుడు మాత్రమే. వేరే పేరుగల జార్ లోపల అదే క్లాసు దాగి ఉంటే వాటికి తెలిసే మార్గం లేదు.

అటువంటి దాగుడుమూతకు హ్యామ్‌క్రెస్ట్ ఉదంతం చక్కని ఉదాహరణ. హ్యామ్‌క్రెస్ట్ అన్నది పరీక్షలలో అనుకున్న విలువకూ వచ్చిన విలువకూ పోలిక చెప్పే చిన్న లైబ్రరీ. జేయూనిట్ 4 శ్రేణిలో 4.10 వెర్షన్ వరకు ప్రధాన జార్‌లోనే హ్యామ్‌క్రెస్ట్ క్లాసులు కొన్ని కలిపి కుట్టి ఉండేవి, 4.11 నుంచి వాటిని విడదీసి, హ్యామ్‌క్రెస్ట్ 1.3ను వేరే డిపెండెన్సీగా చూపారు. మరోవైపు మోకిటో పాత వెర్షన్‌లలో అన్నీ కలిపిన పెద్ద జార్ ఒకటి ఉండేది, దాని కడుపులో హ్యామ్‌క్రెస్ట్ 1.1 క్లాసులు ఉండేవి. ఒక ప్రాజెక్టు పామ్‌లో ఆ పెద్ద మోకిటో జార్‌ను ముందు, జేయూనిట్‌ను వెనుక రాస్తే, మ్యాచర్ అనే క్లాసు పాత వెర్షన్‌ది దొరికేది. పోలిక కుదరకపోతే ఎందుకు కుదరలేదో వివరించే మెథడ్ ఆ పాత క్లాసులో లేదు. ఫలితంగా పరీక్ష నెగ్గినంతకాలం ఏ ఇబ్బందీ కనిపించదు. ఓడిన రోజున మాత్రం ఓటమి కారణం చెప్పవలసిన చోట అటువంటి మెథడ్ లేదన్న సంబంధం లేని దోషం తెరమీదికి వస్తుంది. పామ్‌లో ఆ రెండు డిపెండెన్సీల వరుస తారుమారు చేస్తే చిక్కు తొలగేది, ఎందుకంటే మేవెన్ 2.0.9 నుంచి డిపెండెన్సీలు పామ్‌లో రాసిన వరుసలోనే క్లాస్‌పాత్‌లో చేరతాయి. కానీ వరుస మార్చడం ఉపశమనమే గాని చికిత్స కాదు. ఎవరో ఒకరు ఎప్పుడో ఆ పంక్తులను అక్షరక్రమంలో సర్దితే జబ్బు తిరగబెడుతుంది. ఇతర లైబ్రరీలను కడుపులో దాచుకోని మోకిటో ప్రధాన జార్‌ను వాడడమే అసలు మందు.

గ్రేడిల్ ఈ జాబితాలను ఇంకొంచెం సూక్ష్మంగా విభజించింది. మేవెన్‌లో పరీక్షలను కంపైల్ చేయడానికీ, నడపడానికీ ఒకే టెస్ట్ క్లాస్‌పాత్ ఉంటే, గ్రేడిల్‌లో రెండు వేర్వేరు జాబితాలు ఉంటాయి. టెస్ట్ ఇంప్లిమెంటేషన్ అన్న శీర్షిక కింద రాసినది రెండింటిలోనూ చేరుతుంది, టెస్ట్ రన్‌టైమ్ ఓన్లీ కింద రాసినది నడిచేటప్పుడు మాత్రమే ఉంటుంది. అంతకు ముందు వాడుకలో ఉన్న టెస్ట్ కంపైల్ అనే శీర్షికను 2021లో వచ్చిన 7వ వెర్షన్‌లో తొలగించారు గనుక పాత పుస్తకాలలోని ఉదాహరణలు నేడు పనిచేయవు. మేవెన్ నుంచి గ్రేడిల్‌కు మారేవారు తప్పక తడబడే చోటు ఒకటుంది. మేవెన్‌లోని ప్రొవైడెడ్‌కు సమానమని భావించి గ్రేడిల్‌లోని కంపైల్ ఓన్లీని వాడతారు; కానీ ప్రొవైడెడ్ లైబ్రరీలు పరీక్షలకు కనిపిస్తాయి, కంపైల్ ఓన్లీవి కనిపించవు. సర్వ్‌లెట్ లైబ్రరీని అలా రాసిన ప్రాజెక్టులో ప్రోగ్రాము చక్కగా కంపైల్ అయినా పరీక్షలు క్లాసు దొరకక ఆగిపోతాయి, అదే లైబ్రరీని టెస్ట్ ఇంప్లిమెంటేషన్ కింద కూడా రాస్తే గాని కదలవు. ఈ పునరుక్తి విసుగు కలిగించినా గ్రేడిల్ వైఖరి సమంజసమైనదే: పరీక్షకు ఏమి కావాలో పరీక్ష తరఫున నోరు తెరిచి అడగాలి. అదే వైఖరితో 9వ వెర్షన్‌లో, జేయూనిట్ పరీక్షలను ప్రారంభించే లాంచర్ లైబ్రరీని గ్రేడిల్ తనంతట తాను చేర్చడం మానేసింది. ప్రోగ్రామరే టెస్ట్ రన్‌టైమ్ ఓన్లీ కింద దానిని ప్రకటించాలి.

మామూలు అమరికతో సరిపెట్టుకోలేని సందర్భాలు ఉండకపోవు. ఒక ప్రత్యేక ఫోల్డరులోని అమరిక ఫైళ్లను పరీక్షలకు మాత్రమే చూపవలసి వస్తే, షూర్‌ఫైర్‌లో అదనపు క్లాస్‌పాత్ పద్దులను ప్రకటించే వీలు ఉంది. అవి జాబితా చివర చేరతాయి గనుక ముందున్నవాటిని కప్పలేవన్నది మరువరాదు. దీనికి విరుద్ధంగా కొన్ని డిపెండెన్సీలను జాబితాలోంచి తీసివేసే అమరిక కూడా ఉంది. తీసివేయడం ఎవరికి కావాలని అనిపించవచ్చు. ఒక లైబ్రరీ ఉంటే వాడుకొని, లేకపోయినా పనిచేస్తానని చెప్పుకునే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి; ఆ మాట నిజమో కాదో తేల్చాలంటే ఆ లైబ్రరీ లేని క్లాస్‌పాత్ మీద కూడా పరీక్షించాలి, అందుకు ఈ తీసివేత ఒక్కటే నికరమైన దారి. ఈ సదుపాయం అరుదుగా వాడబడడం విచారకరం. చేర్పుల విషయంలో మాత్రం ఎంత పొదుపు పాటిస్తే అంత మేలు. జార్ ఫైలును ప్రాజెక్టు ఫోల్డరులో పడేసి దాని దారిని నేరుగా రాయడం వల్ల దాని వెర్షన్ ఏమిటో, అది దేనిమీద ఆధారపడుతుందో సాధనానికి తెలియకుండా పోతుంది, దానితో బిల్డ్ టూల్ వాడడంలోని ప్రయోజనమే సగం దెబ్బతింటుంది.

జాబితా పొడవు కూడా ఒక సమస్య అయింది. పరీక్షలను విడిగా నడపడం కోసం షూర్‌ఫైర్ ఒక కొత్త జావా యంత్రాన్ని ప్రారంభిస్తుంది, దానికి క్లాస్‌పాత్ మొత్తాన్ని అందించాలి. విండోస్‌లో ఒక ప్రోగ్రామును ప్రారంభించే ఆదేశం 32,767 అక్షరాలకు మించరాదు, కమాండ్ ప్రాంప్టులో అయితే హద్దు 8,191 అక్షరాలే. వందల జార్‌లు, వాటి పొడవాటి దారులు కలిస్తే ఈ హద్దు దాటడం కష్టం కాదు. అందుకని షూర్‌ఫైర్ ఒక ఖాళీ జార్‌ను సృష్టించి, దాని మ్యానిఫెస్ట్‌లో, అంటే జార్‌కు సంబంధించిన వివరాల పత్రంలో, అసలు జాబితాను రాసి, ఆ ఒక్క జార్‌నే ఆదేశంలో చూపుతుంది. ఉపాయం బాగున్నా, ఆదేశ పంక్తిని చూసి క్లాస్‌పాత్‌ను అంచనా వేసేవారికి అక్కడ ఒక్క పద్దు మాత్రమే కనిపిస్తుందని తెలిసి ఉండాలి.

2017లో వచ్చిన జావా 9 ఈ వ్యవస్థకు మాడ్యూల్స్ అనే కొత్త పొరను చేర్చింది. మాడ్యూల్ అంటే తనకు ఏమి కావాలో, తాను ఇతరులకు ఏమి చూపుతుందో స్పష్టంగా ప్రకటించే ప్యాకేజీల సముదాయం. ఒకే ప్యాకేజీ రెండు మాడ్యూల్స్‌లో ఉండడాన్ని ఈ వ్యవస్థ అంగీకరించదు. పరీక్షలకు ఇది నేరుగా ఇబ్బంది కలిగించింది, ఎందుకంటే ఒక ప్యాకేజీ లోపలి క్లాసులను పరీక్షించే కోడును అదే ప్యాకేజీ పేరుతో రాయడం జావాలో ఎంతోకాలంగా ఉన్న సంప్రదాయం. పరీక్షా క్లాసులను అసలు మాడ్యూల్‌కు అతుకు వేసినట్లు జతచేసే ఒక ప్రత్యేక ఆదేశంతో బిల్డ్ టూల్స్ ఈ చిక్కును దాటుతున్నాయి. మాడ్యూల్స్ వాడని ప్రాజెక్టులలో ఇప్పటికీ క్లాస్‌పాతే రాజ్యమేలుతోంది.

ఎడిటరులో నెగ్గిన పరీక్ష బిల్డ్ టూల్‌తో నడిపితే ఓడిపోవడం, లేదా అందుకు విరుద్ధంగా జరగడం జావా ప్రోగ్రామర్లు తరచుగా చెప్పుకునే బాధ. కారణం వెతికితే ఎక్కువసార్లు రెండూ వేర్వేరు జాబితాలు వాడినట్లే తేలుతుంది. ఎక్లిప్స్ అనే ప్రసిద్ధ ఎడిటరులో 2018 నాటి ఫోటాన్ విడుదల వరకు పరీక్షా కోడుకూ అసలు కోడుకూ వేర్వేరు క్లాస్‌పాత్‌లు ఉండేవి కావు. ప్రాజెక్టుకంతటికీ ఒకే జాబితా. అందుచేత అసలు ప్రోగ్రాములో పొరపాటున జేయూనిట్ క్లాసును వాడినా ఎడిటరు అభ్యంతరం చెప్పేది కాదు, మేవెన్ మాత్రం కంపైల్ దశలోనే ఆపేది. అటువంటి వివాదంలో బిల్డ్ టూల్ మాటే చివరి మాట కావాలి, ఎందుకంటే పంపిణీకి వెళ్లే మూటను కట్టేది ఎడిటరు కాదు.

జాబితాను కంటితో చూడడం కష్టమైన పనేమీ కాదు. మేవెన్‌ను డీబగ్ పద్ధతిలో నడిపితే పరీక్షల ముందు టెస్ట్ క్లాస్‌పాత్ మొత్తం, వరుస తప్పకుండా, తెరమీద వస్తుంది. డిపెండెన్సీ ట్రీ అనే ఆదేశం ఏ లైబ్రరీ ఎవరి వెంట వచ్చిందో వంశవృక్షంలా చూపుతుంది. గ్రేడిల్‌లో డిపెండెన్సీస్ ఆదేశానికి టెస్ట్ రన్‌టైమ్ క్లాస్‌పాత్ పేరు జోడిస్తే అదే సమాచారం లభిస్తుంది, డిపెండెన్సీ ఇన్‌సైట్ అనే మరొక ఆదేశం ఒక వెర్షన్ ఎందుకు ఎంపికైందో కారణంతో సహా చెబుతుంది. జావా ప్రాజెక్టులో కొత్తగా చేరినవారు మొదటి పరీక్ష రాయడానికి ముందే ఈ జాబితాను ఒకసారి మొదటినుంచి చివరిదాకా చదవాలి; కొత్త లైబ్రరీ చేర్చిన ప్రతిసారీ పంపిణీ మూటలోని జార్‌లనూ, టెస్ట్ క్లాస్‌పాత్‌లోని జార్‌లనూ పక్కపక్కన పెట్టి, రెండింటికీ మధ్య ఉన్న ప్రతి తేడాకూ కారణం చెప్పగలగాలి.